మీ తాత పిలిస్తే తీసీ తలుపులు

"మామ్మా, తాతయ్య ఎలక్షన్లలో అన్నిసార్లు ఓడిపోకుండా ఎలా గెలిచాడే? చెప్పవే, ఫోన్లో పెట్టుకుంటాను."

ఏటే, ఆ ఫోను అలగ మంచం మీద పడీసినావు, అది నా మాటలు పట్టుకుంటాదా? పట్టుకోనీ. ఉండు, కాల్లు సాపుకోనీ ముందు. మోకాలు పట్టీసినాది.

ఎలగ గెలిసినాడంటే ఏటి సెప్పను. ఆయన గెలిసీవోడు, నేను మోసీదాన్ని. అది ముందు పట్టుకోమను నీ ఫోన్ని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు కదా, ఆ సామెత మా ఇంటిని సూసే కట్టుంటారు. పొద్దున్న లేస్తే అరుగు నిండా జనం. ఒకడికి కుళాయి రాదు, ఒకడింట్లోకి కాలవ పొంగిపోనాది, ఒకడి పెల్లాం అలిగి పుట్టింటికెల్లిపోనాది, దానికీ మీ తాతే ఎల్లాల. టీ మాత్రం నేను పెట్టాల. పంచదార ఎక్కడిదే, అప్పుడది కంట్రోలు సరుకు. బెల్లం టీ పోసీదాన్ని. తాగితే తాగు, నేకపోతే నేదు.

ఎన్నిసార్లు గెలిసినాడో నాకు లెక్క తెల్దు. మొదటిసారి నిలబడ్డప్పుడు మీ బాబు, అదే మీ నాన్న, మొలతాడుతో ఈదిలో తిరిగీవోడు. ఆకరిసారి నిలబడ్డప్పుడు నీకు పాలపల్లు ఊడతన్నాయి. మద్దెనంతా ఆయనే. వార్డు కమీషనరంటే పోలీసు కమీషనరనుకునీవు, కాదు. మన పేట తరపున ఓట్లేసి మునిసిపాలిటీకి పంపిన మడిసి. ఇప్పుడు కౌన్సిలరంటన్నారు. జీతం నేదు, జీపు నేదు. ఒక సైకిలుండీది, దానికి బ్రేకు నేదు.

అంతకు ముందు ఆయన ఈ కరగ్‌పూర్ రైలు కారకానాలో ఫిట్టరు. రైలు నౌకరీ అంటే ఆ రోజుల్లో ఏటనుకున్నావు, మొకం కూడా సూడకుండా పిల్లనిచ్చీసీవోళ్ళు. క్వార్టరుండీది మాకు, పెరట్లో మునగసెట్టు, బొగ్గులు సవగ్గా వొచ్చీవి. రైలు నౌకరీలో ఉన్నోడు ఎలక్షన్లో నిలబడకూడదని రూలంట. ఈయన నౌకరీ ఒగ్గీసినాడు. మా అమ్మ సీకాకులం నుంచి బండెక్కి వొచ్చి మరీ ఏడిసినాది. పర్మినెంటు నౌకరీ ఒగ్గీసినోడికి రాంచీలో పిచ్చాసుపత్రుంది, ఆలస్యం సెయ్యకుండా తీస్కెల్లండి అన్నాది. ఆవిడ మాటా నా మాటా గోడకి సెప్పుకున్నట్టే అయినాది.

ఎందుకు ఒగ్గీసినాడంటే కుళాయి కోసం. నవ్వకే. మన సీకాకులం, ఇజీనారం మనుసులు కారకానాలో ఇనప పనంతా సేసీవోళ్ళు, మునిసిపాలిటీ ఆఫీసుకెల్తే మాత్రం నోరు పెగిలీది కాదు. అక్కడంతా బెంగాలీ. ఆ బాబులేదో అంటే ఈళ్ళు తలకాయూపి వొచ్చీసీవోళ్ళు. ఎండాకాలం ఈది సివర కుళాయి గుడగుడమనీది, నీల్లు రావు. మీ తాతకి బెంగాలీ బాగా వొచ్చు. అడిగీవోడు ఒకడు లోపలుండాలని జనమంతా ఎనకాల పడ్డారు. ఈయన ఎగిరి ముందుకొచ్చినాడు.

క్వార్టరు కాళీ సేసి ఈ జపటాపూర్ పేటకి వొచ్చినాం. అద్దిల్లు, ముందర అరుగు. ఆ అరుగు మీద నేను కొట్టు పెట్టినాను. ఉప్పు, పప్పు, సింతపండు, ఎండు సేపలు. రెండణాల బేడ పట్టుకొస్తే పప్పూ సింతపండూ రెండూ వొచ్చీవి అప్పుడు. ఇప్పుడా బేడ ఎవులికి తెలుసు. మీ తాత రాజకీయమంతా నా ఎండు సేపల మీదే నడిసినాది, ఇది కూడా పట్టుకోమను.

సరే, నువ్వడిగిందానికి వొస్తన్నాను. ఆయన పద్దతొకటుండీది.

పొద్దున్నే సైరను కూసి మొగోళ్ళు కారకానాకెల్లిపోయినాక బయల్దేరీవోడు. అప్పటికి ఇంటింటి ముందరా బొగ్గు పొయ్యి పెట్టి రాజేస్తారు, ఈదంతా పొగ. ఈయన ఎవులింటి ముందర పొగ నేదో అది సూసుకునీవోడు. పొగ నేదంటే బొగ్గన్నా నేదు, బియ్యమన్నా నేదు, నేకపోతే మొగుడూ పెల్లాం తన్నుకునైనా ఉంటారు. ఆ గుమ్మానికి అవతలే నిలబడి, ఆ ఇంటామె పేరెట్టి, "పొయ్యి ఎలిగిందేటమ్మా?" అని కేకేసీవోడు. అంతే. నీకు తెలుసో తెల్దో, ఇంట్లో మొగోడు నేని పూట మన ఆడోల్లు పరాయి మొగోడికి తలుపు తియ్యరు. పోస్టుమాను వొచ్చినా కిటికీలోంచే. మీ తాత గొంతినపడితే మాత్రం గెడ తీసీవోళ్ళు. గుమ్మం తొక్కడు, తలకాయొంచుకుని ఇంటాడు, మద్దానానికి ఆ పనేదో సూస్తాడు. బెంగాలీ ఆడోల్లూ తీసీవోళ్ళు, దాదా, అంటే అన్నయ్య, వొచ్చినాడని. ఓట్లంటే అయ్యే ఓట్లు. ఉపన్యాసాలు ఆయనకి సేతకావు. మైకు ముందర నిలబెడితే దగ్గీవోడు.

ఇంతవరకూ నవ్వినావు కదా. ఇంక నవ్వకు.

సమ్మె వొచ్చినాది. దేసమంతా రైలోళ్ళు పని ఆపీసినారు. మంచి ఎండల్లో. నేను కరగ్‌పూర్ వొచ్చిన కాడి నుంచీ బండి కూత ఇనని పూట నేదు, ఆ సమ్మెలో కూత నేదు. నా సెవులేటన్నా పోయినాయా అనిపించీది. కారకానా సైరను మాత్రం పొద్దున్నే ఏసీవోళ్ళు. ఒక్కడూ కదిలీవోడు కాదు. ఆడోల్లు గుమ్మాల్లో నిలబడి ఆ సైరను ఇని ఒకళ్ళ మొకాలొకళ్ళు సూసుకునీవోళ్ళు.

తరవాత పట్టుకుపోడం మొదలెట్టినారు. సాలువా రోడ్డు మీంచి పోలీసు లారీలొచ్చీవి. పనిలోకి ఎల్తావా, జైలుకెల్తావా, అంతే మాట. సమ్మెకి ముందరున్నోళ్ళు ఇల్లొగ్గీసి కాంసాయి ఏటి గట్టు పల్లెల్లో దాక్కున్నారు. మద్దానం ఎండ నిప్పులు కురుస్తంటే పోలీసోళ్ళు తిరగరని, అప్పుడు దొంగల్లాగ ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని ఎల్లిపోయీవోళ్ళు. ఈదిలో అందరికీ తెలుసు, ఎవులూ నోరిప్పరు. తలుపులన్నీ గెడలేసుండీవి. ఆ సమ్మెలో కూడా మీ తాత తిరిగీవోడు. అప్పుడు పొగ నేని ఇల్లే ఎక్కువ. నా కొట్లో బియ్యం పప్పు ఆ కొంపలకెల్లెల్లి అడుగంటతన్నాయి.

మీ బాబుకి పెల్లై ఏడాది తిరగనేదు. మీ అమ్మ కడుపుతో ఉంది, మీ అన్నయ్య. మీ బాబు కూడా కారకానాలోనే, సొంతంగా పరీచ్చ రాసి సంపాదించుకున్న నౌకరీ. సమ్మెలో ఉన్నాడు గానీ లీడరు కాడు, జెండా పట్టుకున్నోడు కాడు. ఓ పొద్దున్న టీ కొట్టు కాడ నిలబడితే జీపెక్కించుకుపోనారు. సంగతి తెలిసినప్పుడు నేను పప్పు కొలస్తన్నాను. సేరు అక్కడే పడీసి లేసినాను. మీ అమ్మ గోడకి సేరబడి కూకుండిపోనాది.

మద్దానానికి ఠాణా పెద్ద మా అరుగు మీదకొచ్చినాడు. బొడొబాబు అనీవోళ్ళం. కోపంగా వొచ్చినాడనుకున్నావా? కాదే. నవ్వుతా వొచ్చినాడు. నా బెల్లం టీ తాగినాడు. "బౌదీ, చింతా కోర్బేన్ నా" అన్నాడు నాతోటి, సింత పడకు వదినా అని. అప్పుడే అనుకున్నాను, ఈడికేదో కావాల అని. మీ తాతకేసి తిరిగి మెల్లగా సెప్పినాడు. దాదా, నీతో పెద్ద పని నేదు. రోజూ నడిసినట్టే నీ ఈదిలో నడువు. రోజూ పిలిసినట్టే పిలువు. మేమెనకాల ఉంటాం. ఒక తలుపు మేం బద్దలు కొడితే ఆ సప్పుడికి మిగతావోళ్ళంతా పెరటి గోడ దూకి పోతారు. నువ్వు పిలిస్తే సప్పుడు నేకుండా తీస్తారు. నీ కొడుకు సాయంత్రానికి ఇంట్లో బువ్వ తింటాడు, ఆడి నౌకరీకి ఏటీ అవ్వదు. అవ్వదని నేను రాయిస్తాను. నేదంటావా, మేదినీపూర్ జైలు, నౌకరీ కూడా పోతాది. ఇదీ మాట.

మీ తాత నోరు తెరిసీలోగా నేను అన్నాను. బొడొబాబు అక్కడే ఉండగా మీ తాత కాల్లట్టుకున్నాను. అవునే, పట్టుకున్నాను. ఊరోళ్ళ కొడుకుల్ని ఊరోళ్ళు సూసుకుంటారు, నువ్వు మన గుంటడిని తెచ్చీ అన్నాను. లోపల సూలాలు కూకుంది, దాని మొకం సూడు అన్నాను. తప్పంటావా? అనుకో. ఈయాల్టికీ అదే అంటాను.

ఆయన నన్ను లెగదీసినాడు. బొడొబాబుతో, "ముందు ఓపాలి ఆడిని సూడనియ్యండి, సూసినాక మీతో వొస్తాను" అన్నాడు. వొస్తానన్నాడే. నేను సెవులారా ఇన్నాను. జీపెక్కి ఎల్లిపోనారు. నేను పొయ్యి మీద ఎసరు పెట్టీసినాను. కొడుకొస్తాడని.

జీపు తిరిగొచ్చినాది, దానెనకాల పోలీసు వేను. ఈది మొగలో ఆపీసినారు. ఎండకి రోడ్డు మీద పురుగు నేదు. మీ తాత దిగినాడు, ఎనకాల బొడొబాబు, ఆడెనకాల పోలీసోళ్ళు, బూట్లు సప్పుడవ్వకుండా గోడలంట నడుస్తన్నారు. నేను కొట్లోంచి లేసి నిలబడ్డాను. మీ తాత నాకేసి సూడనేదు. నన్ను దాటుకుని ఎల్లిపోనాడు. నేను ఎనకాలే నడిసినాను, సెప్పులు కూడా ఏసుకోనేదు.

మొదటిల్లు లచ్చమ్మది. దాని మొగుడు సూరన్న, మన ఈది సమ్మెంతా ఆడి సేతి మీదే నడుస్తన్నాది. ఆ పొద్దున్న లచ్చమ్మ నా కాడికొచ్చి ఎండు సేపలు పట్టికెల్లినాది. మొగుడికి ఆ సేపలంటే పేనం. అంటే ఆడు లోపలున్నాడని నాకు తెలుసు. నేను నోరిప్పనేదు, అది పట్టుకోమను. నా కొడుకు ఠాణాలో ఉన్నా నేను నోరిప్పనేదు.

మీ తాత గుమ్మానికి అవతల నిలబడ్డాడు, రోజూ నిలబడ్డ సోటే. పోలీసోళ్ళు తలుపుకి అటూ ఇటూ గోడకి అతుక్కుపోనారు. "లచ్చమ్మా, పొయ్యి ఎలిగిందేటమ్మా?" అన్నాడు. రోజూ అన్నట్టే, అదే గొంతు. తీస్తాదా, తియ్యదా. తియ్యాలనే మొక్కుకుంటన్నాను నేను, ఎందుకు దాయను. లోపల పళ్ళెం సప్పుడైనాది. అడుగుల సప్పుడు. గెడ మీద సెయ్యి పడినాది, ఇనప గెడ కదిలినాది, నాకినపడినాది.

అప్పుడు మీ తాత అరిసినాడు. మైకు ముందర దగ్గీ మడిసి, ఆ గొంతు ఎక్కడ దాసుకున్నాడో. "తియ్యకు తల్లీ, నా ఎనకాల పోలీసులున్నారు. ఈయాల నేను పిలిసినా ఎవులూ తలుపు తియ్యకండి" అని. ఒక్కసారి కాదు. ఈది సివర దాకా పరిగెట్టినాడు, ఇంటింటికీ ఆ ఇంటామె పేరెట్టి, తియ్యకండి తియ్యకండి అనుకుంటా. గెడ ఎనక్కి పడిపోనాది. పెరట్లో గోడలు దూకిన సప్పుడు, కుక్కలు అరిసినాయి, ఎవులిదో కుండ పగిలినాది. పోలీసోళ్ళు ఎనక పక్కకి పరిగెట్టీసరికి ఒక్కడూ నేడు.

బొడొబాబు మొకంలో నవ్వు పోనాది. మీ తాత మెడట్టుకుని వేనులోకి తోసినాడు. ఓట్లేసి గెలిపించిన మడిసి అని కూడా సూడనేదు. నేను ఈది మద్దెన నిలబడిపోనాను. నాకేడుపు రానేదు. తిట్లొచ్చినాయి. ఆ వేను ఎనకాల నడుస్తా తిట్టినాను, పోలీసోళ్ళని కాదు, మీ తాతని. కన్నకొడుకుని అమ్ముకున్నావని తిట్టినాను. ఆయన ఊసల్లోంచి నాకేసి సూస్తానే ఉన్నాడు.

పొద్దు వాలకుండా ఆయన్ని ఒగ్గీసినారు, కమీషనరు కదా, పెద్దోళ్ళెవులో మాట సెప్పినారంట. మీ బాబుని మాత్రం మేదినీపూర్ పంపించీసినారు. మీ తాత నడుసుకుంటా వొచ్చి మా గుమ్మం ముందర నిలబడి నన్ను పిలిసినాడు. నేను తలుపు తియ్యనేదు. నువ్వే కదా తియ్యొద్దన్నావు, నేను తియ్యను అన్నాను. ఆయనింక పిలవనేదు. అరుగు మీద కూకున్నాడు. కాసేపటికి ఆడోల్లొచ్చినారు, లచ్చమ్మ ముందు. ఒకామె గెంజి తెచ్చినాది, ఒకామె మామిడికాయ ముక్క తెచ్చినాది, పొయ్యిలెలగని కొంపల్లోంచి. అందరూ ఆయన సుట్టూ కూకున్నారు. అదంతా కిటికీలోంచి సూసినాను. అయినా తియ్యనేదు. మీ అమ్మే లేసి, కడుపట్టుకుని, గెడ తీసినాది. "మామయ్యా, లోపలికి రండి" అన్నాది. నేను మాత్రం తియ్యనేదే.

సమ్మె అయిపోనాది. మిగతావోళ్ళు సైరనుకి లేసి పనిలోకెల్లిపోనారు, పట్టుబడనేదు కాబట్టి సూరన్న కూడా ఎల్లినాడు. మీ బాబు జైల్లోంచొచ్చీసరికి మీ అన్నయ్య పుట్టీసినాడు. నౌకరీ పోనాది. గోల్‌బజార్లో సైకిలు కొట్టులో పంచర్లేసినాడు, పరీచ్చ రాసి గెలిసిన గుంటడు. నేను మీ తాతతో మాటాడ్డం మానీసినాను. బువ్వెట్టీదాన్ని, బట్టలుతికీదాన్ని, మాట మాత్రం నేదు. సెప్పాలంటే గోడకి సెప్పీదాన్ని, ఆయన ఇనీవోడు. ఆ తరవాత ఎలక్షనొచ్చినాది. నా ఓటు ఆయనకెయ్యనేదు, తెలుసా. ఎదరోడి గొడుగు గుర్తుకి ఏసినాను. ఏసినానని గోడకి సెప్పినాను కూడా. ఆయన నవ్వీసి, "మంచి పని సేసినావు, ఆడికీ ఓట్లు కావాల కదా" అన్నాడు. గెలిసీసినాడులే. జపటాపూర్ అంతా ఆయనకే ఏసినాది.

కొన్నేళ్ళకి రాజ్జం మారినాది, సమ్మెలో నౌకరీ పోనోళ్ళందర్నీ తిరిగి తీసుకున్నారు. మీ బాబు మళ్ళీ సైరనుకి లేసినాడు. ఆ పొద్దున్న ఆడికి అన్నం కట్టిస్తా అన్నాను, నీ బాబు సేసిన పాపం ఈయాలకి కడుక్కుపోనాది నాయనా అని. మీ బాబు టిఫిను డబ్బా కింద పెట్టీసినాడు. "పాపం బాబుది కాదమ్మా" అన్నాడు. "ఆ రోజు ఠాణాలో నన్ను సూడ్డానికొచ్చినాడు కదా. నేనే సెప్పినాను. నువ్వు పిలిసి సూరన్న మావని పట్టిస్తే నేను బయటికొస్తాను గానీ మనింటికి మాత్రం రానని. అమ్మకి సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. నౌకరీ దొరికినాది కదా, ఇంక సెప్పీస్తన్నాను" అన్నాడు. సైరను కూసీసినాది. ఆడు ఎల్లిపోనాడు.

నేను పెరట్లోకెల్లినాను. మీ తాత గెడ్డం గీసుకుంటన్నాడు, మొకమంతా సబ్బు. అన్నేళ్ళ తరవాత ఆయన మొకం మీద మాటాడినాను. ఎందుకు సెప్పనేదు అన్నాను. అన్ని తిట్లు తిన్నావు, నా ఎంగిలి మాటలన్నీ మింగినావు, ఒక్క ముక్క సెప్పుంటే ఏటి పోయీది అన్నాను. ఆయన సబ్బు తుడుసుకోకుండానే అన్నాడు, "నా మీద కోపమైతే నువ్వు ఓర్సుకుంటావే. ఆడి మీద కోపమొస్తే నువ్వు బతకలేవు" అని.

ఏడిసినాను. ఆయన సొక్కా పట్టుకుని ఏడిసినాను. అయితే సల్లారిపోయినాననుకున్నావా? నేదు. ఆయన పోయినాడు, ఇన్నేళ్ళైనాది, ఒక్కటి మాత్రం నాకిప్పటికీ మండుతాది. ఠాణాలో బాబూ కొడుకూ ఇద్దరూ కూకుని తేల్సీసుకున్నారు. నన్నెవులూ అడగనేదు. కన్నదాన్ని నేను కదా. సంగతి ఇలగుందే, ఏటంటావు అని ఒక్క మాట అడిగుంటే. తలుపు తీయించమనే అంటానని ఇద్దరూ అనుకున్నారు. కాల్లట్టుకున్నాను కదా, అనుకుంటారు మరి. అడిగుంటే ఏటనీదాన్నో. లచ్చమ్మ నాకు సెల్లెల్లాంటిది. గెడ సప్పుడు నాకింకా సెవుల్లో ఉంది. నేనూ తియ్యొద్దనే అనీదాన్నేమో. ఏమో. అడగనేదు కదే.

ఆపీ ఆ ఫోన్ని. ఇలగ రా. నీకు మంచి సంబందం వొస్తాదిలే, అది కాదు. నిన్నడిగి పని సేసీవోడు దొరకాల. సల్లగుండు తల్లీ... మీ బాబు వొచ్చినాడేటి, కుక్క అరస్తన్నాది, సూడు...